కారం రుచి కాదు

అందరికీ నమస్కారం. గుంటూరులో నిలబడి కారం రుచి కాదంటే వేదిక మీంచి దించేస్తారేమోనని కాస్త భయంగానే ఉంది.

ఉగాది పచ్చడిలో ఆరు రుచులని చిన్నప్పటి నుంచి లెక్కపెడుతున్నాం. తీపి, పులుపు, ఉప్పు, చేదు... వీటికి నాలుక మీద రుచి మొగ్గలున్నాయి. కారానికి లేవు. (వగరు మీదా నాకు అనుమానముంది, అది ఇంకో రోజు చెబుతాను.) రుజువు కావాలంటే మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్లని అడగండి. సాయంత్రానికి వేళ్లు భగభగమంటాయి. వేళ్లకి రుచి మొగ్గలుండవు కదా! ఆ చేత్తోనే కన్ను నులుముకుంటే ఇక చెప్పక్కర్లేదు.

చర్మంలోనూ నోట్లోనూ సన్నటి నరాల కొసలుంటాయి. వాటి పొరలో తలుపులాంటి ఒక ప్రొటీను ఉంటుంది. వేడి సుమారు 43 డిగ్రీలు దాటితే ఆ తలుపు తెరుచుకుంటుంది. బయటి సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి దూసుకొస్తాయి, నరంలో విద్యుత్ సంకేతం పుడుతుంది. మిరపకాయలోని క్యాప్సైసిన్ వచ్చి ఈ తలుపునే పట్టుకుంటుంది. ఇక 43 దాకా ఆగే పని లేదు, ఒంట్లో మామూలుగా ఉండే 37 డిగ్రీలకే తలుపు తీసేసుకుంటుంది. కారంగా తిన్న వెంటనే కాఫీ తాగి చూడండి. రోజూ తాగే వేడే అయినా నాలుక చుర్రుమంటుంది.

ఈ ప్రొటీను పేరు టీఆర్‌పీవీ1. దీని జన్యువుని 1997లో డేవిడ్ జూలియస్ బృందం శాన్‌ఫ్రాన్సిస్కోలో పట్టుకుంది. నొప్పిని మోసే నరాల్లోని జన్యువులని, క్యాప్సైసిన్ పోసినా చలించని కణాల్లోకి గుంపులుగా ఎక్కించి, ఏ కణం ఉలిక్కిపడుతుందా అని కాపు కాశారు. 2021 నోబెల్‌ని ఆయనకీ, ఒత్తిడిని పసిగట్టే గ్రాహకాలని కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కీ కలిపి ఇచ్చారు.

నాకు బాగా నచ్చే సంగతి ఇప్పుడు చెబుతాను. నరం పంపే సంకేతం మీద "ఇది నిప్పు", "ఇది మిరపకాయ" అని రాసి ఉండదు. మంట పెరిగితే సంకేతం పెద్దది కూడా కాదు, గబగబా ఎక్కువసార్లు వస్తుంది, అంతే. బ్రిటిష్ శాస్త్రవేత్త ఎడ్గర్ ఏడ్రియన్ 1920ల్లోనే తేల్చిన లెక్క ఇది. ఏ తీగ మోగిందన్నదే మెదడుకి ఆనవాలు. వేడి తీగ మోగింది కాబట్టి నోరు కాలుతోందనే అనుకుంటుంది. చెమటలు పట్టిస్తుంది, ముక్కు కారుతుంది, కళ్లు చెమరుస్తాయి. అది ఆవకాయని మీకు తెలుసు, మీ చెమట గ్రంథులకి తెలియదు.

అప్పుడు నీళ్లు తాగడం దండగ. క్యాప్సైసిన్ నీళ్లలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది. ఆవకాయ అన్నంలో మొదట నెయ్యి వేసిన అమ్మమ్మ ఎవరో గానీ రసాయన శాస్త్రం చదవకుండానే పని కానిచ్చింది. పెరుగూ పనిచేస్తుంది.

చిలుక పండుమిర్చిని హాయిగా తినేస్తుంది, చూశారా? దానికీ ఈ తలుపుంది. కాకపోతే పక్షుల్లో దాని నిర్మాణం కొంచెం వేరు, క్యాప్సైసిన్‌కి దొరకదు. వేడికి మాత్రం తెరుచుకుంటుంది. ఎలుక నమిలితే గింజ పాడవుతుంది, పక్షి మింగితే ఎక్కడో రెట్టలో పడి మొలుస్తుంది. మిరప మొక్క బేరం ఎవరితో పెట్టుకుందో చూడండి.

గొడ్డుకారం తినడం అలవాటైన వాళ్లకి మంట తగ్గుతుంది. క్యాప్సైసిన్ పదేపదే తగిలితే ఆ నరాల కొసలు మొద్దుబారతాయి. ఈ గుణమే మందయింది. సర్పి తగ్గాక మిగిలిపోయే నరాల పోటుకి 8 శాతం క్యాప్సైసిన్ పట్టీ వేస్తారు. వేసేటప్పుడు మండుతుంది, తర్వాత కొన్ని వారాలు నొప్పి నెమ్మదిస్తుంది.

చల్లదనానికీ ఇలాంటి తలుపొకటుంది, టీఆర్‌పీఎం8. దాన్ని మోసం చేసేది మెంథాల్. వెనక వరుస నుంచి పిప్పరమెంటు బిళ్లల డబ్బా వస్తోంది, తలా ఒకటి తీసుకోండి. బాగా చప్పరించి, మీ ముందున్న సీసాలోంచి ఒక గుక్క నీళ్లు తాగండి. అవి ఫ్రిజ్‌లో పెట్టినవి కావు, పొద్దున్నుంచీ ఈ హాల్లోనే ఉన్నాయి.