బ్రష్ కట్టర్ స్టార్టర్ తాడు తెగిందా? రికాయిల్ సెట్ మొత్తం కొనక్కర్లేదు

అందరికీ నమస్కారం అండి. మామిడి తోటల్లో, పామాయిల్ తోటల్లో గడ్డి కోయడానికి పెట్రోల్ బ్రష్ కట్టర్ వాడేవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే సమస్యే ఇది, స్టార్టర్ తాడు పుటుక్కున తెగిపోద్ది, షాపుకి తీసుకెళ్తే రికాయిల్ సెట్, అంటే తాడు చుట్టుకునే పుల్లీ, దాన్ని వెనక్కి తిప్పే స్ప్రింగ్ ఉండే స్టార్టర్ భాగం, మొత్తం మార్చాలి అంటారు. లోపల స్ప్రింగ్ విరగకుండా, పుల్లీ పగలకుండా ఉంటే తాడు ఒక్కటి మార్చుకుంటే సరిపోద్దండి, ఆ ఖర్చు అస్సలు పెట్టొద్దు.

ముందు తాడు సంగతి. ఇదిగో ఇది పట్టాలు కట్టుకునే ప్లాస్టిక్ తాడు, ఇది అల్లిక నైలాన్ స్టార్టర్ తాడు, రెండూ 3 ఎంఎమ్మే. ప్లాస్టిక్ తాడు చూడండి, వంచితే మొండిగా లేస్తోంది, పుల్లీ గాడిలో సరిగ్గా కూర్చోదు, పైగా ఇది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్, 160 డిగ్రీల దగ్గర్లోనే కరుగుద్ది, నైలాన్ అయితే 220 దాకా తట్టుకుంటది, తాడు బయటికొచ్చే కన్నం దగ్గర రాపిడికి తేడా అక్కడే తెలుస్తది. ప్లాస్టిక్ తాడు ఊరికే ఇచ్చినా వెయ్యొద్దు.

ఇంజిన్ చల్లారాక ముందు స్పార్క్ ప్లగ్ క్యాప్ పీకేయండి. రికాయిల్ కవర్ స్క్రూలు విప్పి కవర్ తిరగేస్తే పుల్లీ కనిపిస్తది. ఈ మధ్యలో ఉన్న స్క్రూ ఉంది చూశారా, దాని జోలికి మాత్రం వెళ్ళకండి, అది విప్పితే కింద చుట్టుకుని ఉన్న స్ప్రింగ్ ఎగిరి మొహం మీదకొస్తది, కళ్ళద్దాలు పెట్టుకునే పని చెయ్యండి.

పాత ముడి ముక్క లాగేసి, కొత్త తాడు కొస లైటర్‌తో కాల్చి గట్టిపడనిచ్చి, కవర్ కన్నంలోంచి పుల్లీ కన్నంలోకి దూర్చి ముడి వేయండి, ముడి గుంటలో పూర్తిగా దిగాలి, పైకి తేలితే కవర్‌కి రాసుకుంటది. హ్యాండిల్ కూడా ఇప్పుడే కట్టేయండి. తర్వాత తాడు పుల్లీకి చుట్టేసి, జానెడు మిగిల్చి, పుల్లీ అంచున ఉన్న ఈ గాటులో తాడు ఇరికించి, తాడు లాగినప్పుడు పుల్లీ ఏ వైపు తిరుగుద్దో ఆ వైపే రెండు మూడు చుట్లు తిప్పండి. బొటనవేలితో గట్టిగా ఆపి, గాటులోంచి తాడు తప్పించి, మిగిలింది హ్యాండిల్ వైపు లాగేసి, మెల్లగా వదలండి.

అసలు చెక్ ఇక్కడుంది. తాడు పూర్తిగా లాగి పట్టుకుని, పుల్లీని చేత్తో ఇంకో అరచుట్టు తిప్పి చూడండి. తిరిగితే పర్ఫెక్ట్. తిరక్కపోతే స్ప్రింగ్ బాగా బిగిసిపోయినట్టు, ఒక చుట్టు తగ్గించండి, లేకపోతే గట్టిగా లాగిన రోజు స్ప్రింగే విరిగిపోద్ది. హ్యాండిల్ వేలాడుతుంటే మాత్రం ఒక చుట్టు పెంచండి.

కవర్ బిగించే ముందు తాడు బయటికొచ్చే కన్నం అంచు వేలితో తడిమి చూడండి, గరుగ్గా ఉంటే ఎమరీ పేపర్‌తో రుద్దేయండి, తాడు అక్కడే పీచులు లేచి తెగుద్ది. లాగేటప్పుడు కూడా కొంచెం లాగి పట్టు దొరికాక అప్పుడు జోరుగా లాగాలి, పక్కకి ఏటవాలుగా లాగొద్దు, హ్యాండిల్‌ని టక్కున వదిలేయొద్దు.

తాడు కొనేటప్పుడు పాత ముక్క జేబులో వేసుకెళ్ళి మందం పోల్చుకోండి, గట్టిగా ఉంటదని ఇంకా లావుది తెస్తే పుల్లీ నిండిపోయి ఇరుక్కుంటది. ఇంట్లో ఒక్క మెషీనే ఉంటే మీటరు ముక్క చాలు, కిరాయికి తిప్పేవాళ్ళు మాత్రం రోల్ కొని బండిలో పడేసుకోండి, సీజన్లో తోట మధ్యలో తాడు తెగితే ఆ పూట కూలీ మొత్తం పోద్ది.