ఎర్రమట్టి దిబ్బల నుంచి చీర అంచు దాకా

సభకు నమస్కారం.

చీరలకు డిజైన్లు గీసేవారు, మగ్గం పని చేసేవారు ఎక్కువగా ఉన్న సభ కనుక, సెలవుల్లో విశాఖ చుట్టుపక్కల కాలినడకన తిరిగేటప్పుడు రంగులను ఎలా గమనించవచ్చో చెబుతాను. ప్రకృతిలో విడి రంగు కంటే రంగుల పొత్తు, వాటి పాళ్లు మన పనికి ఎక్కువ ఉపయోగపడతాయని నా అభిప్రాయం.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలనే తీసుకుందాం. రోడ్డు మీద నుంచి చూస్తే అంతా ఒకటే ఎరుపు. వాన నీరు కోసిన గట్ల మధ్యకు దిగి నడిస్తే ఇటుక ఎరుపు, గోధుమ ఎరుపు, మెంతి రంగు పొరలు పొరలుగా విడివడి కనిపిస్తాయి. చిటికెడు ఇసుకను తెల్ల కాగితం మీద పోసి భూతద్దంతో చూడండి. ఎరుపంతా రేణువుల మీద పట్టిన ఇనుప ఆక్సైడు పూతేనని తెలుస్తుంది. చూశాక ఆ ఇసుకను అక్కడే వదిలేయండి. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేరిన చోటు అది. సీసాల్లో నింపుకుపోయే సరుకు కాదు.

ఆ గట్ల మీద అక్కడక్కడా పొదలుంటాయి. పచ్చదనం ఎంత కొద్దిగా ఉంటే ఎరుపు అంత నిండుగా కనబడుతుంది. పక్క రంగును బట్టి రంగు తీరు మారుతుంది. పారిస్‌లో బొమ్మల తెరలు నేసే గోబెలిన్ కార్ఖానా అద్దకశాలలో నల్ల దారానికి నిగారింపు లేదని ఫిర్యాదులొచ్చినప్పుడు, రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్ పరిశీలించి, లోపం అద్దకంలో లేదనీ, పక్కన నేసిన నీలం, ఊదా రంగుల వల్లే నలుపు వెలవెలబోతున్నదనీ తేల్చారు. 1839లో దీనిపై ఆయన పెద్ద గ్రంథమే ప్రచురించారు. ఎరుపు, పచ్చ చెరిసగం వేసిన చీర కళ్లకు పోట్లాటగా తోచడానికీ, ఎర్ర చీరకు సన్నని చిలకపచ్చ అంచు అమరడానికీ కారణం ఈ ఇరుగుపొరుగే.

భీమిలి తీరంలో నడిచేవారు అల వెనక్కి తగ్గిన చోట ఆగాలి. తేలికైన ఇసుకను నీరు లాక్కుపోగా, బరువైన ఇల్మెనైటు అనే ఖనిజం నల్లని చారలుగా మిగులుతుంది. దాని పక్కన కొండల ఖోండలైటు రాయి అరిగి వచ్చిన గార్నెట్ అనే ఖనిజపు రేణువులు నేరేడు, గులాబి ఛాయల మధ్య ఊగుతుంటాయి. నల్ల చీర ఒంటికి అంత సన్నని నేరేడు గీత పెట్టే ధైర్యం మనలో ఎందరికుంది? అరకు వలిస పూల పసుపు జోలికి నేను పోను; దాన్ని ఇప్పటికే ఫొటోలు అరగదీశాయి.

ఫోన్ కెమెరా తనంతట తానే రంగు సవరించుకుంటుంది కనుక దాన్ని నమ్మి అద్దకానికి ఇవ్వకండి. కుట్టుదారపు ముక్కలు వెంట ఉంచుకుని, ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి ఆనించి చూసి, బాగా కలిసిన దారం నంబరునూ, ఏ రంగు ఎన్ని పాళ్లుందో కూడా రాసుకోండి. తడి ఇసుక పొడి ఇసుక కంటే ముదురుగా ఉంటుంది, రెండూ విడిగా రాయాలి. ఆ కాగితం చేతిలో ఉంటే అద్దకం పనివారితో వాదన సగం తగ్గుతుంది.