సమాధుల తోటలో గోడ: శ్రోతతో సిస్టర్ గారి సంభాషణ

యాంకర్: నమస్కారం, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారండీ?

శ్రోత: పల్నాడు నుంచండీ. మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, పిల్లలకు సత్యోపదేశం (మత పాఠాలు) చెబుతాను. పేరు మాత్రం అడగొద్దండీ.

యాంకర్: అడగనులేమ్మా. సిస్టర్ గారు లాయరు కూడా, ధైర్యంగా చెప్పండి.

శ్రోత: సిస్టర్, మా సమాధుల తోట మధ్యలో గోడ ఉంది. అటు పెద్ద కులాల వాళ్లవి, ఇటు మా దళిత పల్లె వాళ్లవి. ఆదివారం అందరం పూజలో ఒకే దివ్యసత్ప్రసాదం (ఆశీర్వదించిన అప్పం) తీసుకుంటాం. మొన్న వానల్లో మా అమ్మమ్మ పోయింది. మా వైపంతా నీళ్లు. అటు మెరక మీద చోటుంది, అడిగితే ఒప్పుకోలేదు. బకెట్లతో నీళ్లు తోడి, ఆ బురదలోనే దించాం.

సిస్టర్: అయ్యో తల్లీ...

శ్రోత: కుర్రాళ్లంతా కలిసి ఫాదర్ గారి దగ్గరికెళ్తే, "పాత గొడవలెందుకు, తపస్సు కాలంలో (ఈస్టర్ ముందు ఉపవాస రోజుల్లో) బియ్యం పంచే పని చూడండి" అన్నారు. గురువు మాటకు ఎదురు చెప్పినట్టవుతుందా సిస్టర్?

సిస్టర్: అవదమ్మా. విశ్వాసులు తమ అభిప్రాయం కాపరులకు చెప్పడం హక్కు, ఒక్కోసారి బాధ్యత కూడా అని మన కతోలిక సభ చట్టం, కానన్ లా 212లో ఉంది. 2016లో మన పీఠాధిపతుల (బిషప్‌ల) సమాఖ్య దళిత సాధికారత విధానం తెచ్చి, కులవివక్ష ఘోరమైన సామాజిక పాపం అంది. అంటే నువ్వు అడిగేది శ్రీసభ (కతోలిక సభ) మాటే. బియ్యం పంచండి, మంచిదే. కానీ ఇచ్చే చెయ్యి గోడకు అటు, చాచే చెయ్యి ఇటు ఉన్నంతకాలం అది న్యాయం అవదు.

శ్రోత: కేసు పెట్టొచ్చా? మాకు ఎస్సీ కాదు, క్రైస్తవులైన దళితులకిచ్చే బీసీ-సి సర్టిఫికెట్. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం మాకు రాదంటున్నారు.

సిస్టర్: అది మనకు తగిలిన పెద్ద దెబ్బ. ఎవరు ఎస్సీలో చెప్పే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, దళిత క్రైస్తవులను చేర్చలేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా, క్రైస్తవంలోకి మారిన వాళ్లకు అట్రాసిటీ చట్టం కింద రక్షణ లేదంది. కానీ 1955 పౌరహక్కుల రక్షణ చట్టం వేరు. అంటరానితనంతో శ్మశానానికి అడ్డుపడితే శిక్ష ఉందని నాలుగో సెక్షన్లో ఉంది, బాధితులు ఎస్సీలే అయ్యుండాలని అందులో లేదు. అయినా కోర్టు మెట్లెక్కే ముందు ఆ స్థలం మేత్రాసనం (బిషప్ గారి పరిధి) పేరున ఉందా, పంచాయతీదా చూసుకోండి. కాగితం మీ దగ్గరుంటే మాటకు బలం వస్తుంది.

శ్రోత: తర్వాత?

సిస్టర్: విచారణ సంఘానికి రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు బిషప్ గారికి. గోడ పడగొట్టమని మొదలుపెట్టొద్దు. ఇక మీదట ఎవరు ముందు పోతే వాళ్లకు వరసలో తరువాతి చోటు, అంతే అడగండి. నవంబర్ 2న సమాధుల ఆశీర్వాదం మీ వైపు నుంచి మొదలుపెట్టమని కూడా రాయండి. అటువైపు వాళ్లు ఒక్కరైనా సంతకం పెడతారా?

శ్రోత: ఒక టీచరమ్మ ఉన్నారండీ, రిటైరయ్యారు. మా అమ్మమ్మ మట్టికి వచ్చి, బురదలోనే నిలబడ్డారు.

సిస్టర్: ముందు ఆవిడ ఇంటికి వెళ్లు తల్లీ. రేపే వెళ్లు.