మొత్తం సుఖమా, సగటు సుఖమా?

అధ్యక్షులకు, సభకు నమస్కారం. వేదిక మీద ఉన్నవారందరి పేర్లూ చదివితే నాకిచ్చిన సమయం దానికే సరిపోతుంది, మన్నించండి.

ఉపయోగితావాదం గురించి చెప్పమన్నారు, అంటే ఎక్కువ సుఖాన్నిచ్చే పనే మంచి పని అనే సిద్ధాంతం. దాన్ని నిలబెట్టిన బెంథాం, మిల్ మీకు తెలిసినవారే కనుక నేరుగా చిక్కు దగ్గరికి వస్తాను. జనాభా మారనంత వరకు మొత్తం సుఖాన్ని పెంచినా సగటును పెంచినా ఒకటే, భాజకం మారదు కదా. తలల సంఖ్య మారిందంటే రెండూ విడిపోతాయి. 1874లోనే ఇంగ్లిష్ తత్వవేత్త సిడ్జ్‌విక్ ఇది గమనించి మొత్తం వైపు మొగ్గాడు.

ఆ మొగ్గు ఎక్కడికి తీసుకెళ్తుందో 1984లో బ్రిటిష్ తత్వవేత్త పార్ఫిట్ చూపించాడు. నూరు కోట్ల మందికి తలా 80 పాళ్ల సుఖమైతే మొత్తం 8,000 కోట్లు. లక్ష కోట్ల మందికి తలా 0.1 అయితే 10,000 కోట్లు. అంటే బొటాబొటి బతుకుల లోకమే మేలనాలి. ఇది వినగానే మొహం చిట్లించి "అయితే సగటే నయం" అంటారు.

నా పేచీ అక్కడే. కాగితం తీయండి, దయచేసి. పది మంది, తలా 100. వీళ్లకు 50 పాళ్ల సుఖంతో నూరుమందిని కలపాలి, లేదా మైనస్ 100 దగ్గర నరకం చూసే ఒక్కణ్ణి కలపాలి. మొదటిది 6,000ను 110తో భాగిస్తే 54.5. రెండోది 900ను 11తో భాగిస్తే 81.8. సగటు ఆ నరకం చూసేవాణ్ణే పుట్టించమంటుంది! ఒక మనిషి బతుకు అతనికి ఎలా ఉందని సగటు అడగదు, పక్కవాళ్లకంటే ఎక్కువా తక్కువా అనే అడుగుతుంది. అందరూ మైనస్ 80లో ఉన్న చోటికి మైనస్ 60 వాళ్లను దింపినా సగటు "మెరుగవుతుంది". వెనక వరసవాళ్లు, వేశారా లెక్క?

పైగా ఏ కాలంవాళ్ల సగటు? ఫారోల నాటి ప్రజలనూ కలిపితే, ఇవాళ బిడ్డను కనాలో వద్దో ఈజిప్టు చరిత్రకారుణ్ణి అడగాలి. ఈ ఎత్తిపొడుపు పార్ఫిట్ పుస్తకంలోనిదే.

మొత్తానికీ జబ్బుంది, కాదనను. బతుకు మంచిదా చెడ్డదా అని విడదీసే సున్నా గీతను 0.2 పైకి జరిపితే చాలు, ఆ లక్ష కోట్ల లోకం మైనస్ 10,000 కోట్లకు పడిపోతుంది. ఏ సూత్రం పట్టినా ఏదో ఒక చేదు మింగక తప్పదని స్వీడన్ తత్వవేత్త అర్హేనియస్ నిరూపణలే రాశాడు.

మన సంగతికి వద్దాం. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవారిని పోటీకి అనర్హులను చేసింది. 2024లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనను ఎత్తేసింది. అప్పుడు తలసరి పడిపోతుందన్నారు, ఇప్పుడు పనిచేసే చేతులు చాలవంటున్నారు. పుట్టబోయే బిడ్డకు తన బతుకు ఎలా ఉంటుందన్న గడి రెండు పట్టికల్లోనూ కనబడదు.

ఇక ప్రశ్నలు అడగండి. తలసరి అనేవారు మాత్రం ఎవరెవర్ని కలిపి భాగించారో ముందు చెప్పి అడగండి.