పార్కుల్లో కలుపు మందు కొట్టడం ఆపాలంటే ఎవరిని ఒప్పించాలి?

(స్టూడియో చర్చ, రాతప్రతి)

యాంకర్: నమస్కారం. పార్కుల్లో కలుపు మందులు, పురుగుమందులు వాడకుండా స్థానిక ప్రభుత్వాన్ని ఒప్పించడం ఎలా? ఇదీ ఈ రోజు చర్చ. పిల్లల డాక్టర్ గారు, పార్కుల నిర్వహణ చూసి రిటైరైన అధికారి గారు, ఈ పని మీదే కౌన్సిల్ చుట్టూ తిరుగుతున్న కార్యకర్త గారు మనతో ఉన్నారు. సార్, మీతోనే మొదలుపెడదాం. అసలు మందు ఎందుకు కొడతారు?

అధికారి: ఫోన్లు వస్తాయి కాబట్టి. నవ్వకండి, ఉన్నమాటే చెబుతున్నాను. "నడిచే దారి పక్కన గడ్డి మొలిచింది, పట్టించుకునే నాథుడు లేడు" అని ఫిర్యాదు. మనుషుల్ని పెట్టి పీకిస్తే రోజులు పడుతుంది. ఒకడు వీపున ట్యాంకు తగిలించుకుని పొద్దున్నే కొట్టేస్తే ఆ పూటకి గొడవ వదిలిపోతుంది. మందు వద్దనేవాళ్ళు ఎప్పుడో ఓసారి వస్తారు. గడ్డి తీయమనేవాళ్ళు రోజూ ఫోన్ చేస్తారు.

కార్యకర్త: అంటే తప్పంతా జనానిదేనా సార్?

అధికారి: తప్పని కాదమ్మా. మీరు కౌన్సిలర్లనొక్కరినే ఒప్పిస్తే చాలదు అంటున్నాను. ఫోన్ చేసేవాళ్ళనీ ఒప్పించాలి.

యాంకర్: డాక్టర్ గారూ, క్యాన్సర్ వస్తుందని గట్టిగా చెప్పేస్తే సరిపోదా?

డాక్టర్: అలా చెబితే మొదటి సమావేశంలోనే దొరికిపోతారు. గ్లైఫోసేట్ అనే కలుపు మందునే చూడండి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని 2ఏ వర్గంలో, అంటే క్యాన్సర్‌కు బహుశా కారణమయ్యేవాటిలో చేర్చింది. అమెరికా పర్యావరణ సంస్థ ఆ మాట ఒప్పుకోలేదు. ఐరోపా సమాఖ్య 2023లో అనుమతిని మరో పదేళ్ళు పొడిగించింది. మీరు మొదటిది చదివితే ఎదుటివాళ్ళు మిగతా రెండూ చదువుతారు.

యాంకర్: మరి మీరైతే ఏం చెబుతారు?

డాక్టర్: పిల్లలు గడ్డిలో దొర్లుతారు, బంతి పట్టుకున్న చెయ్యే నోట్లో పెట్టుకుంటారు. ఒంటి బరువుతో పోల్చి చూస్తే పెద్దవాళ్ళకంటే ఎక్కువ గాలి పీలుస్తారు. పిల్లలకు ఈ మందుల తాకిడి వీలైనంత తగ్గించాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లో చెప్పింది. కేవలం చూడ్డానికి నీటుగా ఉండడం కోసం ఈ రిస్క్ అవసరమా? నేను అడిగేది ఇంతే. ఇంకో సంగతి, అందరికంటే ఎక్కువ మందు పడేది చిక్కటి ద్రావణాన్ని నీళ్ళలో కలిపే పనివాడి మీద. అతని పేరెత్తేవాళ్ళు ఈ చర్చల్లో తక్కువ.

యాంకర్: ఎక్కడైనా ఒప్పించగలిగారా?

కార్యకర్త: కెనడాలో, క్యూబెక్‌లోని హడ్సన్ అనే చిన్న పట్టణంలో. జూన్ ఇర్విన్ అనే చర్మవ్యాధుల వైద్యురాలు 1985 నుంచి కౌన్సిల్ సమావేశాలకు పట్టువిడవకుండా వెళ్ళి ఇదే విషయం అడుగుతూ వచ్చారు. 1991లో పట్టణం నిబంధన తెచ్చింది. పచ్చిక బయళ్ళకు మందు కొట్టే కంపెనీలు కోర్టుకెక్కితే, 2001లో అక్కడి సుప్రీంకోర్టు పట్టణం పక్షానే తీర్పిచ్చింది.

యాంకర్: ఆరేళ్ళు! మనమైతే రెండు వినతిపత్రాలిచ్చి ఊరుకుంటాం.

కార్యకర్త: ఫ్రాన్స్‌లో ఏకంగా దేశమంతటికీ చట్టం చేశారు. 2014లో చట్టం వస్తే, స్థానిక సంస్థల పార్కులకు 2017 జనవరి 1 నుంచి అమలైంది.

అధికారి: ఆ మధ్య గడువు సంగతి మర్చిపోకండి. సిబ్బందికి పని నేర్పాలి, పరికరాలు కొనాలి. శ్మశానాలను, ఆట మైదానాలను అప్పుడు కలపలేదు, తర్వాత 2022లో తెచ్చారు. ఆట మైదానాలకైతే అప్పుడూ కొన్ని మినహాయింపులు ఉంచారు. అన్నీ ఒకేసారి అడిగితే ఏదీ రాదు.

యాంకర్: మందు లేకుండా కలుపు ఆగుతుందా సార్?

అధికారి: కొంత ఆగుతుంది, కొంత ఆగదు. చెట్ల మొదళ్ళలో చెక్కపొట్టు మూడు నాలుగు అంగుళాల మందాన పరిస్తే వెలుతురు అందక విత్తనం మొలవదు. చెట్టు కాండానికి మాత్రం ఆనించొద్దు, కుళ్ళుతుంది. పచ్చికను మరీ నున్నగా గొరగడం పెద్ద పొరపాటు. మూడంగుళాలు ఉంచితే దాని నీడకే చాలా కలుపు మొలకలు లేవవు. రాళ్ళ సందుల్లో మరిగే నీళ్ళో ఆవిరో వాడొచ్చు. అయితే తుంగ ఉందనుకోండి, పైన ఆకు మాడుతుంది, కింద గడ్డ అలాగే ఉంటుంది. మళ్ళీ లేస్తుంది, మళ్ళీ వెళ్ళాలి.

డాక్టర్: కొందరు ఘాటైన వెనిగర్ వాడమంటారు. గాఢత ఎక్కువైతే అది కళ్ళను దెబ్బతీస్తుంది. సహజమైనదే కదా అని ధీమా పనికిరాదు.

యాంకర్: ఖర్చు పెరుగుతుందంటే?

అధికారి: మొదట్లో పెరుగుతుంది, దాయొద్దు. దాస్తే ఏడాది తిరిగేసరికి మిమ్మల్నే నిలదీస్తారు. అందుకే ముందు పిల్లల ఆటస్థలం ఉన్న పార్కు ఒకటి అడగండి. అక్కడ గంటలెన్ని పట్టాయి, ఫిర్యాదులెన్ని వచ్చాయి, రెండూ రాసి పెట్టండి. "ఇక్కడ మందు కొట్టడం లేదు, గడ్డి కాస్త కనిపిస్తుంది" అని గేటు దగ్గర బోర్డు పెట్టించండి. ఫోన్లు సగం దానితోనే తగ్గుతాయని నా నమ్మకం.

కార్యకర్త: కందిరీగల తుట్టె లాంటి అత్యవసరాలకు మినహాయింపు మేమే రాసిస్తున్నాం. అది లేకపోతే అసలు తీర్మానమే ఆగిపోతోంది.

అధికారి: మంచిదే. కానీ తీర్మానంతో ఆగకండి, టెండరు కాగితం చూడండి. "ఏడాదికి ఇన్నిసార్లు కలుపు మందు కొట్టవలెను" అన్న వాక్యం అందులో ఉంటే, కాంట్రాక్టర్ కొట్టి తీరతాడు. లేకపోతే బిల్లు రాదు కదా.

యాంకర్: మరి ఎప్పుడు వచ్చి అడగాలి?

అధికారి: టెండరు ముసాయిదా రాస్తున్నప్పుడు. సంతకాలయ్యాక వస్తే, మీ మాట నాకు నచ్చినా ఆ కాంట్రాక్టు గడువు తీరేదాకా నేను చేయగలిగిందేమీ ఉండదు.