'పల్స్ డీమన్'ను తక్కువ శబ్దంలో వినండి

అందరికీ నమస్కారం.

1996లో అమెరికాకు చెందిన రిలాప్స్ రికార్డ్స్ సంస్థ 'పల్స్ డీమన్' అనే నాయిస్ ఆల్బంను, అంటే రొదనే సంగీతంగా మలిచిన ఆల్బంను, విడుదల చేసింది. చేసినవారు టోక్యో కళాకారుడు మసామి అకిత. మెర్జ్‌బౌ అన్న పేరుతో 1979 నుంచి ఆయన ఈ పనిలోనే ఉన్నారు. ఎనిమిది ట్రాకులు, 70 నిమిషాలకు పైగా నిడివి. పాట లేదు, రాగం లేదు, చాలాచోట్ల తాళమూ చేతికి దొరకదు.

ఈ ఆల్బంను కొందరు పందెంలా మార్చేశారు. శబ్దాన్ని బాగా పెంచి, చివరిదాకా ఎవరు తట్టుకుంటారో చూడటం. నాకు అది బొత్తిగా నచ్చదు. పంటి బిగువున భరించేవారికి ఇందులో ఏమీ వినిపించదు, పైగా చెవులు పాడవుతాయి.

అకిత చదివింది చిత్రకళ. ఆయన పెట్టుకున్న పేరుకు మూలం జర్మన్ కళాకారుడు కుర్ట్ ష్విటర్స్. జనం పారేసిన వస్తువులు ఏరుకొచ్చి తన ఇంటి లోపలే 'మెర్జ్‌బౌ' అనే నిర్మాణం చేసిన మనిషి. అకిత ఏరుకున్నవి, సంగీతం వద్దనుకున్న ధ్వనులు. సభల్లో మైకు స్పీకరుకు దగ్గరైతే కూత పెడుతుంది కదా, సౌండ్ చూసేవారు పరుగెత్తుకెళ్లి దాన్ని ఆపేస్తారు. అకిత దాన్నే పెంచి పోషించారు. ధ్వనులను కలిపే మిక్సర్ నుంచి బయటకు వచ్చే సిగ్నల్‌ను మళ్లీ దాని లోపలికే పంపి, ఆ దారిలో ధ్వని తీరును మార్చే ఎఫెక్ట్ పెడళ్లు పెట్టేవారు. ఒక్క నాబ్ తిప్పితే మొత్తం ధ్వని ఎటో మళ్లుతుంది. ఆ మళ్లే క్షణాలే ఈ సంగీతానికి ప్రాణం.

మొదటి ట్రాకు 'వుడ్‌పెకర్ నంబర్ 1'నే తీసుకోండి. మూడు నిమిషాలు కూడా ఉండదు. పెద్ద శబ్దంలో వింటే అది ఒకే గోడ. తగ్గించి వినండి, పొరలు విడివడతాయి. వడ్రంగిపిట్ట చెట్టును పొడిచినట్టు వడివడిగా తగిలే దెబ్బలు, వాటి మీద ఇసుక రాలుతున్నట్టు సన్నని బుస, అడుగున బరువైన గురగుర. శబ్దం తగ్గించినా సాంద్రత తగ్గదు.

మన చెవికి ఎదురుచూడటం అలవాటు. పల్లవి తిరిగి వస్తుందని, తాళం సమానికి చేరుతుందని ఆశిస్తాం. ఇక్కడ ఆ ఆశ ఫలించదు. మొదట చిరాకు వేస్తుంది. కాసేపటికి చెవి ఎదురుచూడటం మానేసి, ఉన్నదాన్ని తడిమి చూడటం మొదలుపెడుతుంది. ఈ ఆల్బం మీద నాకున్న ప్రేమంతా అందుకే.

ఇప్పుడు చివరి ట్రాకు 'యెల్లో హైపర్ బాల్స్' వినిపిస్తాను. నా గొంతు కన్నా తక్కువ శబ్దంలోనే పెడతాను. ఇబ్బందిగా అనిపిస్తే మొహమాటం లేకుండా బయటికి వెళ్లి రండి. ఉన్నవారు మాత్రం పైపొరను వదిలేసి, అడుగున సాగే ధ్వనిని పట్టుకోండి. అది ఎక్కడెక్కడ మారిందో ట్రాకు అయ్యాక మాట్లాడుకుందాం.