37 ఏళ్ళ ఠాకూర్: సంజీవ్ కుమార్ నటనపై ఒక చర్చ

వ్యాఖ్యాత: ప్రేక్షకులకు నమస్కారం. తోటివారంతా హరిభాయ్ అని పిలుచుకున్న హరిహర్ జరీవాలా, అంటే మనకు తెలిసిన సంజీవ్ కుమార్, సూరత్ మూలాలున్న గుజరాతీ కుటుంబంలో 1938 జూలై 9న పుట్టి, 1985 నవంబరు 6న 47 ఏళ్ళకే గుండెజబ్బుతో కన్నుమూశారు. ఆయన గురించి మాట్లాడడానికి హిందీ, తెలుగు చిత్రాల రీమేక్‌లపై చాలాకాలంగా రాస్తున్న విమర్శకులు, ఒక రంగస్థల దర్శకురాలు, విజయవాడలో ఒక సినిమా థియేటరు ప్రొజెక్టరు క్యాబిన్‌లో జీవితమంతా గడిపిన విశ్రాంత ఆపరేటర్ గారు వచ్చారు. ‘షోలే’ విడుదలైన 1975 ఆగస్టు 15 నాటికి ఆయనకు 37 ఏళ్ళు. ఆ వయసు నటుడు కోడలున్న ఠాకూర్ పాత్రను ఎందుకు ఒప్పుకున్నాడన్న ప్రశ్నతో మొదలుపెడదాం.

విమర్శకుడు: దీనికి అందరూ చెప్పే సమాధానం ఒకటుంది. వాళ్ళ ఇంట్లో మగవాళ్ళు యాభై దాటి బతకలేదనీ, తానూ బతకననే నమ్మకంతోనే తెర మీద ముసలితనాన్ని ముందుగా అనుభవించాడనీ అంటారు. వినడానికి బాగానే ఉంటుంది కానీ, నాకు ఆ మాట ఎప్పుడూ రుచించలేదు. ఒక మనిషి ఏళ్ళ తరబడి నేర్చుకున్న పనితనాన్ని తీసుకుపోయి నుదుటి రాత ఖాతాలో వేయడం న్యాయం కాదు.

దర్శకురాలు: నాటకం వైపు నుంచి చూస్తే ఆ సమాధానం అసలు నిలవదు. బొంబాయిలో ఇప్టా అనే నాటక సంఘంలో 22 ఏళ్ళ వయసులోనే ఆర్థర్ మిల్లర్ ‘ఆల్ మై సన్స్’లో ముసలివాడిగా వేశాడు. ఆ తరువాత ఎ.కె. హంగల్ దర్శకత్వంలో ‘డమరూ’ నాటకంలో ఆరుగురు పిల్లల తండ్రిగా, అరవై ఏళ్ళవాడిగా వేశాడు. ఆ రోజుల్లో అతనికి గుండెజబ్బూ లేదు, పేరూ లేదు. మన పరిషత్తు నాటకాల్లో కుర్రవాడికి ముసలి వేషం ఇస్తే ఏం చేస్తాడో నాకు బాగా తెలుసు. జుట్టుకు తెల్లరంగు పూసుకుంటాడు, నడుం వంచుతాడు, ప్రతి మాటకూ ముందు ఒక దగ్గు దగ్గుతాడు. సంజీవ్ కుమార్ ఠాకూర్‌ను చూడండి, వెన్ను నిటారుగా ఉంటుంది. వయసంతా అతను జవాబు చెప్పే ముందు తీసుకునే ఆ కాస్త వ్యవధిలోనూ, పళ్ళు బిగించి పలికే ఆ పలుకులోనూ ఉంటుంది.

వ్యాఖ్యాత: ఆపరేటర్ గారూ, మీరు ఆ సినిమాను అందరిలా కుర్చీలో కూర్చుని కాకుండా, క్యాబిన్ కంతలో నుంచి చూశారు కదా.

ఆపరేటర్: అవునండి. ప్రొజెక్టరుకు వెలుగునిచ్చే కార్బన్ కడ్డీలు సర్దుకుంటూ, రీలు చివర తెర మూలన చుక్క పడగానే రెండో మెషీనుకు మార్చుకుంటూ చూసే మాకు కథ మీద ఆసక్తి రెండో రోజుకే పోతుంది. అప్పటి నుంచి నటుల తప్పులు వెతుక్కోవడమే మా కాలక్షేపం. హోలీ రోజున దొంగలు ఊరి మీద పడ్డప్పుడు కాళ్ళ దగ్గర పడి ఉన్న తుపాకీని ఠాకూర్ అందించడు. మొదటి ఆటలో హాలంతా ఆయనను తిట్టుకుంది, నేనూ తిట్టుకున్నాను. తరువాత గతమంతా చెప్పి ముగించేసరికి గాలికి శాలువా జారిపోతుంది, ఖాళీ చొక్కా చేతులు కనిపిస్తాయి, ఆయనకు చేతులే లేవు. అది తెలిసిన తరువాత నేను ఆ భుజాలనే చూడడం మొదలుపెట్టాను. చేతులున్న మనిషి శాలువా కింద వాటిని దాచుకుంటే, కూర్చునేటప్పుడో లేచేటప్పుడో మోచెయ్యి తనకు తెలియకుండానే ఒకసారి కదలాలి. ఆ కదలిక కోసం కొన్ని వారాలపాటు, ఆట తరువాత ఆట, కళ్ళు చిల్లులు పడేలా వెతికాను. నాకు దొరకలేదండి.

దర్శకురాలు: మీరు చెప్పినది మా విద్యార్థులకు ఒక పాఠమంత విలువైనది. ‘కోశిష్’లో (1972) దర్శకుడు గుల్జార్ ఆయన దగ్గర నుంచి మాటను తీసుకున్నాడు. మాటలేని, వినలేని హరిచరణ్‌కు మిగిలినవి చేతులు, ముఖం. మూడేళ్ళ తరువాత ‘షోలే’ ఆ చేతులనే తీసుకుంది. నటుడి దగ్గరున్న సాధనాల్లో ఒక్కొక్కదాన్ని కోసేస్తే మిగిలిన దానితో ఎంత పని చేయవచ్చో ఈ రెండు పాత్రలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

విమర్శకుడు: ‘కోశిష్’లో గిలక సన్నివేశం చెప్పకుండా ముందుకు వెళ్ళకూడదు. బిడ్డకు వినిపిస్తుందో లేదో తెలుసుకోవాలని తండ్రి గిలక ఊపుతాడు, బిడ్డ తల తిప్పడు. తల్లిదండ్రులు కుప్పకూలిపోతారు. తీరా చూస్తే ఆ గిలకలో గింజలే లేవు, అసలు చప్పుడే రాలేదు, ఆ సంగతి వాళ్ళిద్దరికీ తెలిసే దారి లేదు. అక్కడ జయా భాదురీ, సంజీవ్ కుమార్ ముఖాల్లో భయం, తరువాత తేరుకోవడం, ఏదీ అవసరానికి మించి ఉండదు. ఈ చిత్రానికి ఆయనకు జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం వచ్చింది. అంతకు ముందే, రాజిందర్ సింగ్ బేడీ తీసిన ‘దస్తక్’కు (1970) ఒకటి వచ్చింది.

వ్యాఖ్యాత: జయా భాదురీ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. అదే 1972లో ‘పరిచయ్’లో ఆమెకు తండ్రి, ‘కోశిష్’లో భర్త, మరుసటి ఏడు ‘అనామికా’లో జంట, ‘షోలే’లో మామగారు. మన హీరోల్లో ఎవరైనా ఇంత త్వరగా వరసలు మార్చుకోవడానికి ఒప్పుకుంటారా అన్నది వేరే కార్యక్రమానికి వదిలేద్దాం.

విమర్శకుడు: వదిలేయడమే మంచిది. ‘త్రిశూల్’లో (1978) అమితాబ్‌కు తండ్రిగా వేశాడు, ఇద్దరికీ వయసులో తేడా నాలుగేళ్ళే. అయితే తెలుగువారికి ప్రత్యేకంగా పట్టవలసిన విషయం ఇంకొకటి ఉంది. ఆయనను జనంలోకి బలంగా తీసుకువెళ్ళిన ‘ఖిలౌనా’ (1970) నిర్మాత మన ఎల్.వి. ప్రసాద్. అది ప్రత్యగాత్మ దర్శకత్వంలో అక్కినేని నాగేశ్వరరావు నటించిన ‘పునర్జన్మ’కు (1963) హిందీ రూపం. మతి చెదిరిన కొడుకు కోలుకోవడానికి పెద్దింటివారు ఒక నాట్యకత్తెను ఇంటికి తెచ్చుకునే కథ. నాలుగేళ్ళ తరువాత, 1974లో, తొమ్మిది పాత్రల ‘నయా దిన్ నయీ రాత్’. అదే కథ తమిళంలో శివాజీ గణేశన్‌కు, తెలుగులో 1966లో ‘నవరాత్రి’గా అక్కినేనికి దక్కింది. అంటే నాగేశ్వరరావు నడిచిన దారిలో ఆయన రెండుసార్లు నడవవలసి వచ్చింది. ‘స్వర్గం నరకం’ హిందీలో ‘స్వర్గ్ నరక్’ (1978) అయినప్పుడు దాసరి దర్శకత్వంలో కూడా నటించాడు. మద్రాసులో తెలుగు నిర్మాతలు హిందీ చిత్రాలు తీస్తున్న ఆ కాలంలో, కథ బరువుగా ఉంటే గుర్తుకు వచ్చే పేర్లలో ఆయనది ఒకటి.

దర్శకురాలు: తొమ్మిది పాత్రల చిత్రం మీద నాకు భిన్నాభిప్రాయం ఉంది. అందులో కొన్ని పాత్రలు మేకప్ దగ్గరే ఆగిపోయాయి. గడ్డం మారింది, గొంతు మారింది, లోపలి మనిషి మారలేదు.

ఆపరేటర్: అమ్మా, అలా అనకండి. ‘నవరాత్రి’ ఆడిన రోజుల్లో నేను క్యాబిన్‌లో సహాయకుడిని. తొమ్మిది వేషాలు చూడడానికే జనం వచ్చారు. వేషం మారడమే వాళ్ళకు పండగ.

దర్శకురాలు: జనానికి పండగ కావచ్చు, నేను నటన లెక్క చెబుతున్నాను. ‘అంగూర్’లో (1982) ఒకే ముఖంతో, గడ్డం మీసం సాయం లేకుండా, ఇద్దరు కవలలను వేరు చేసి చూపించాడు. ఒకడికి ఎప్పుడూ తనను ఎవరో మోసం చేస్తున్నారన్న అనుమానం, రెండోవాడికి ఇంటి చికాకు. అది కష్టమైన పని. సత్యజిత్ రాయ్ ‘శత్‌రంజ్ కే ఖిలాడీ’లో (1977) భార్య చదరంగం పావులు దాచేస్తే, కూరగాయలనే పావులుగా పేర్చుకుని అదే గంభీరంతో ఆటకు కూర్చునే మీర్జా కూడా అంతే. నవ్వించాలన్న ప్రయత్నం ఆ ముఖంలో ఎక్కడా కనిపించదు, అందుకే మనకు నవ్వు వస్తుంది.

వ్యాఖ్యాత: 1980ల్లో ఆయన స్థాయి తగ్గిందన్న విమర్శ కూడా ఉంది.

విమర్శకుడు: ఉంది, అది నిజమే. అమెరికాలో గుండెకు బైపాస్ శస్త్రచికిత్స జరిగింది, ఒళ్ళు వచ్చింది, తండ్రి పాత్రలు తోసుకువచ్చాయి. ‘నమ్‌కీన్’ వంటివి పక్కన పెడితే, ఆయన స్థాయికి తగని చిత్రాలు చాలానే ఉన్నాయి. నిర్మాతలకు నమ్మకమైన ముఖం కావలసి వచ్చినప్పుడల్లా ఆయన దగ్గరకు వెళ్ళారు, ఆయనా కాదనలేదు.

దర్శకురాలు: అయినా చనిపోయిన తరువాత 1986లో విడుదలైన ‘ఖత్ల్’ను నేను ఆ జాబితాలో వేయను. అందులో ఆయనది చూపు పోయిన రంగస్థల నటుడి పాత్ర. ‘కోశిష్’లో మాట, ‘షోలే’లో చేతులు, ఇక్కడ కళ్ళు. మా శిక్షణ తరగతుల్లో ఈ మూడు చిత్రాల నుంచి తలా పది నిమిషాలు వేసి, శబ్దం తీసేసి చూపిస్తాను. పిల్లలు మొదట ‘ఖత్ల్’నే మళ్ళీ వేయమంటారు.

ఆపరేటర్: ఆ సినిమా మా హాలుకు రాలేదమ్మా. వచ్చి ఉంటే ఈసారి భుజాలు కాదు, కనురెప్పలు చూసేవాడిని.